నిలబడితేనే తెలిసే వంకర

"నిలబడండి." ఉద్యోగంలో రోజంతా నేను ఎక్కువసార్లు అనే మాట ఇదే. ఎక్స్‌రే గదుల్లో మామూలుగా వినపడేది దీనికి పూర్తిగా ఎదురు: "పడుకోండి, కదలకండి." నేనూ కొన్నేళ్లపాటు అదే అన్నాను. పుట్టింది తెనాలిలో, పని నేర్చుకున్నది గుంటూరులో. ఎర్ర బల్బు వెలుగులో ఫిల్మును డెవలపర్లో ముంచి, కడిగి, క్లిప్పుకు తగిలించి ఆరబెట్టిన కాలం అది. ఇప్పుడు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్‌ని. చీలమండ మార్పిడి చేయించుకున్నవాళ్లకు నిలబెట్టి సీటీ స్కాన్ తీయడం, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని లోపల పెట్టిన ఇంప్లాంట్ ఎటు ఎన్ని డిగ్రీలు ఒరిగిందో కొలవడం నా పని.

ఈ మాట చెబితే మనవాళ్లలో చాలామంది "చీలమండ కూడా మారుస్తారా?" అని ఆశ్చర్యపోతారు. మోకాలి మార్పిడి గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు, ప్రతి వీధిలోనూ చేయించుకున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. చీలమండ సంగతి వేరు. బ్రిటన్‌లో ఏడాదికి మోకాలి మార్పిళ్లు సుమారు లక్ష జరుగుతుంటే, చీలమండ మార్పిళ్లు వెయ్యికి అటూ ఇటూ ఉంటాయి. అక్కడి జాతీయ కీళ్ల రిజిస్ట్రీ చీలమండల లెక్క రాయడం మొదలుపెట్టిందే 2010లో.

చీలమండ చిన్న కీలు. పైన టిబియా, అంటే మోకాలి నుంచి దిగే పెద్ద ఎముక. పక్కన సన్నటి ఫిబ్యులా. ఈ రెంటి మధ్య ఇమిడి, మడమ ఎముక మీద కూర్చునేది టేలస్. ఈ టేలస్‌కు ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు. చుట్టూ ఉన్న ఎముకలు, లిగమెంట్లు ఎలా ఆడిస్తే అలా ఆడుతుంది. మోకాలిలో కొన్నిచోట్ల మృదులాస్థి, మనవాళ్లు గుజ్జు అంటారే అది, 5, 6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చీలమండలో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించదు. నడిచేటప్పుడు మాత్రం ఈ చిన్న కీలు మీద ఒంటి బరువుకు దాదాపు ఐదు రెట్ల దాకా ఒత్తిడి పడుతుంది. ఇంత పల్చటి గుజ్జుతో అంత బరువు మోస్తూ కూడా చీలమండ మోకాలి కంటే ఎక్కువకాలం మన్నుతుందంటే, అందులోని ఎముకలు ఒకదానిలో ఒకటి అంత చక్కగా ఇమిడి ఉండటమే కారణం. ఆ అమరిక చెడితే చిక్కు మొదలైనట్టే. వయసుతో అరిగిపోయే మోకాళ్లలా కాక, చీలమండ ఆర్థరైటిస్‌తో వచ్చేవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఎప్పుడో దెబ్బ తగిలినవాళ్లే. విరిగి అతికిందో, మళ్లీ మళ్లీ మడతపడి బెణికిందో, ఏదో ఒక చరిత్ర ఉంటుంది. ఆ దెబ్బతో కాలు ఎటో ఒకవైపు కాస్త వాలి ఉంటుంది కూడా. అందుకే చీలమండ మార్పిడిలో అరిగిపోయిన ముక్కను తీసి కొత్తది పెడితే పని అయిపోదు. వంకరను కూడా సరిచేయాలి.

మొదట్లో ఇది సర్జన్లకు బొత్తిగా కొరుకుడు పడలేదు. 1970లో ఫ్రాన్స్‌లో లార్డ్, మరోట్ అనే ఇద్దరు సర్జన్లు తుంటి మార్పిడిలో వాడే కాడను తలకిందులు చేసి టిబియాలోకి దించారు. టేలస్‌ను మొత్తంగా తీసేసి, మడమ ఎముకలో ఒక గిన్నెను సిమెంటుతో అతికించారు. ఫలితాలు బాగా రాలేదు. ఆ దశాబ్దంలో వచ్చిన మరికొన్ని డిజైన్లదీ అదే గతి. దాంతో చాలాకాలం "చీలమండ అరిగితే కీలును అతికించెయ్యడమే" అనేది వైద్యుల మాటగా నిలిచిపోయింది. ఈ అతికింపునే ఫ్యూజన్ అంటారు. తర్వాత డెన్మార్క్ సర్జన్ హాకోన్ కోఫోడ్ రూపొందించిన స్టార్, అమెరికాలో ఫ్రాంక్ ఆల్వైన్ రూపొందించిన ఎజిలిటీ వంటివి మార్పిడికి మళ్లీ ప్రాణం పోశాయి. ఈ రోజుల్లో వాడే చాలా ఇంప్లాంట్లలో టిబియా చివరను కోసి పెట్టే లోహపు పలక ఒకటి, టేలస్ మీద తొడిగే లోహపు కప్పు ఒకటి, రెంటి మధ్య పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటాయి.

ఆ పాలిథిలిన్ ముక్క కోసమే మా కొలతలన్నీ. బరువు దాని మీద అంతటా సమంగా పడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పైనున్న పలకో కిందున్న కప్పో ఒరిగిందంటే బరువంతా ఒక అంచుకు చేరుతుంది. అంచు అరుగుతుంది. అరిగిన ప్లాస్టిక్ నలుసులు చుట్టుపక్కల కణజాలంలో చేరితే శరీరం ఊరుకోదు. వాటిని తినడానికి వచ్చే కణాలు పక్కనున్న ఎముక కూడా కరిగేలా చేస్తాయి. ఎముకలో సిస్టులు, అంటే చిన్న గుల్లలు, ఏర్పడతాయి, ఇంప్లాంట్ వదులవుతుంది. మళ్లీ ఆపరేషన్. మోకాలిలో రెండోసారి ఆపరేషన్ కష్టమైనదే కానీ అలవాటైన దారి. చీలమండలో టేలస్ అసలే చిన్నది. ఒకసారి కోసింది పోగా మిగిలినది కూడా కరిగిపోతే, సర్జన్ చేతికి పట్టు దొరకదు.

సాదా ఎక్స్‌రే మీద ఈ ఒరుగును కొలవడానికి వాడుకలో ఉన్న కోణాలు మూడు. ఎదురుగా తీసిన ఫిల్ములో టిబియా పొడవు గీతకూ ఇంప్లాంట్ పలకకూ మధ్య కోణం ఆల్ఫా. అది 90 డిగ్రీల దగ్గర ఉండాలి. పక్క నుంచి తీసిన ఫిల్ములో అలాంటిదే బీటా. టేలస్ కప్పు ముందుకో వెనక్కో ఎంత వాలిందో చెప్పేది గామా. ఎదురు నుంచి చూసినప్పుడు అటూ ఇటూ 5 డిగ్రీల లోపు తేడా ఉంటే సరిగ్గా ఉన్నట్టేనని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఇక్కడే నాకు పేచీ. ఫిల్ము మీద కనిపించేది నీడ. ముందుకు ఒరిగిన కరెంటు స్తంభాన్ని సరిగ్గా దాని ఎదురుగా నిలబడి చూస్తే నిటారుగానే కనిపిస్తుంది. నాలుగు అడుగులు పక్కకు జరిగితే ఒరుగు బయటపడుతుంది. పాదం కూడా అంతే. ఎక్స్‌రే బల్ల మీద పాదాన్ని 10, 15 డిగ్రీలు లోపలికో బయటికో తిప్పి పెడితే అదే ఇంప్లాంట్‌కు వేరే కోణం వస్తుంది. ఆపరేషన్ అయిన ఆరు వారాలకు ఒకరు తీసిన ఫిల్ము, ఏడాదికి మరొకరు తీసిన ఫిల్ము పక్కపక్కన పెట్టి "3 డిగ్రీలు జరిగింది" అంటే, జరిగింది ఇంప్లాంటో లేక పాదం పెట్టిన తీరో ఎవరు చెప్పగలరు? ఇక ఇంప్లాంట్ తన చుట్టూ తాను తిరిగి ఉంటే, అంటే బొటనవేలి వైపో చిటికెనవేలి వైపో మెలితిరిగి కూర్చుంటే, మామూలు ఫిల్ము ఆ సంగతి దాదాపు చెప్పదు. నొప్పితో తిరిగివచ్చేవాళ్లలో కొందరి చిక్కు ఆ మెలిలోనే ఉంటుంది. కప్పు పక్క అంచు ఎముకను ఒరుసుకుంటూ ఉంటుంది.

మడమ వంకరను ఫిల్ము మీద పట్టుకోవడానికి 1995లో అమెరికాలోని అయోవాలో సాల్ట్జ్‌మన్, ఎల్-ఖూరీ ఒక ఉపాయం కనిపెట్టారు. రోగిని ఎత్తు మీద నిలబెట్టి, ఫిల్మును 20 డిగ్రీలు వాల్చి, మడమ వెనక నుంచి తీయడం. నేటికీ దాన్ని సాల్ట్జ్‌మన్ వ్యూ అనే పిలుస్తాం. చాలా పనికొచ్చే వ్యూ. అయినా అదీ నీడే.

లోతును కూడా చూపే మూడో కొలత కావాలంటే సీటీ ఉంది కదా అనొచ్చు. సీటీని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ యంత్రం లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మొదటి రోగి తలను స్కాన్ చేసింది 1971 అక్టోబర్ 1న. కానీ మామూలు సీటీలో పడుకోవాలి. పడుకున్న పాదం గాల్లో వేలాడుతుంది. వేళ్లు కిందికి వాలతాయి, మడమ వదులవుతుంది, పాదం ఒంపు పైకి లేస్తుంది. పగలంతా మనిషిని మోసే పాదం వేరు, బల్ల మీద సేదతీరుతున్న పాదం వేరు. 2012 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చిన, కాలు బరువు మోస్తుండగా తీసే సీటీ ఈ తంటాను తీర్చింది. కోన్ బీమ్ అనే ఈ పద్ధతి అప్పటికే దంతవైద్యుల దగ్గర వాడుకలో ఉంది. అదే పాదాలకు వచ్చింది.

మా గదిలో ఉన్నది అదే. మోకాలి కిందికి వచ్చే పెట్టె, లోపల రెండు పాదాలు పెట్టే చోటు, చేతులతో పట్టుకోవడానికి కమ్మీలు. చెప్పులు, మేజోళ్లు విప్పి ఎక్కి నిలబడితే ట్యూబు చుట్టూ తిరిగి వస్తుంది. నిమిషం అటూ ఇటూ. మిల్లీమీటరులో మూడో వంతో, ఇంకాస్త ఎక్కువో ఉండే చిన్న చిన్న ఘనాలుగా పాదం మొత్తం కంప్యూటర్లోకి ఎక్కుతుంది. రేడియేషన్ గురించి భయపడేవాళ్లకు నేను చెప్పే లెక్క ఒకటుంది. ఈ స్కాన్‌కు అయ్యేది కొద్ది మైక్రోసీవర్టులు. ఏ స్కానూ చేయించుకోకపోయినా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున వచ్చేది 2,400 మైక్రోసీవర్టులు. అలాగని గర్భిణులను అడగకుండా ఎక్కించం.

యంత్రం గొప్పదే. కానీ దానికి తెలియని విషయం ఒకటుంది: మనిషి మొహమాటం. నొప్పి ఉన్న కాలి మీద బరువు వేయమంటే వేసినట్టే నిలబడతారు, వేయరు. తుంటి కొద్దిగా అటు జరుగుతుంది, చేతులు కమ్మీల మీద బిగుసుకుంటాయి. బరువు కాలి మీద కాకుండా భుజాల్లోకి పోతుంది. అలా తీసిన స్కాన్ పేరుకే నిలబడి తీసింది. కొన్నిచోట్ల పాదాల కింద బరువు చూసే కాటా పెట్టి రెండు కాళ్ల మీద సమంగా పడుతోందో లేదో చూస్తారు. నేనైతే ముఖం చూస్తాను, కమ్మీ పట్టుకున్న వేళ్ల కణుపులు చూస్తాను. తెల్లబడి ఉంటే, "చేతులు వదులు చేయండి, తొందరేం లేదు" అంటాను. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే బలవంతం చేయను, రిపోర్టులో మాత్రం "పూర్తి బరువు వేయలేదు" అని రాస్తాను. ఆ ఒక్క వాక్యం లేని రిపోర్టులో ఎన్ని డిగ్రీలు రాసినా నాకు నమ్మకం కుదరదు.

తర్వాత కొలత. కోణాల కంటే ముందు తేల్చుకోవాల్సింది మనం ఏ ప్రశ్న అడుగుతున్నామో. ఇందులో రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయి. చదువుకున్నవాళ్లు కూడా రెంటినీ కలిపేస్తారు.

మొదటిది: ఇంప్లాంట్ ఎముకలో ఎలా కూర్చుంది? టిబియా గీతకు పలక ఎన్ని డిగ్రీలు పక్కకు ఒరిగింది, ఎన్ని డిగ్రీలు ముందువెనకలకు వాలింది, ఎంత మెలి తిరిగింది. ఎంత లోపలికి, ఎంత ముందుకు, ఎంత లోతుకు దిగింది. మొత్తం ఆరు అంకెలు. టేలస్ కప్పుకు మరో ఆరు. కంపెనీ దగ్గర ఉండే ఇంప్లాంట్ కంప్యూటర్ నమూనాను తెచ్చి, స్కాన్‌లో కనిపిస్తున్న లోహం మీద సరిగ్గా కూర్చునేలా సాఫ్ట్‌వేర్‌తో అమరిస్తే ఈ అంకెలు వస్తాయి. ఆపరేషన్‌కు ముందు తీసిన సీటీతో ప్లాన్ వేసి, ఆ రోగి ఎముకకే సరిపడే కోత అచ్చులను త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసే పద్ధతి వచ్చాక ఈ కొలతకు విలువ పెరిగింది. వేసిన ప్లాన్‌ను, ఆపరేషన్ తర్వాతి స్కాన్‌ను ఒకదాని మీద ఒకటి పెట్టి సర్జన్ అనుకున్నదెంత, అయిందెంత అని చూడొచ్చు. ఈ ప్రశ్నకు నిలబడక్కర్లేదు. ఎముకకూ దానిలో బిగిసిన లోహానికీ మధ్య ఉన్న సంబంధం పడుకున్నా మారదు.

రెండోది: ఆ ఇంప్లాంట్ కింద పాదం ఎలా నిలబడుతోంది? దీనికి బరువు వేసి తీరాలి. పలక టిబియాకు సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండి కూడా, కింద మడమ లోపలికి వాలిపోయి, బరువంతా పాలిథిలిన్ ఒక అంచు మీద పడుతున్న కాళ్లు నేను చూశాను. మొదటి ప్రశ్నకు నూటికి నూరు మార్కులు, రెండోదానికి సున్నా. సర్జన్ కోత తప్పు కాదది. మడమ ఎముకను కోసి జరపడమో, వదులైన లిగమెంట్‌ను బిగించడమో కూడా అవసరమైన కాలు అది.

ఈ రెండో ప్రశ్నకు 2017లో ఫ్రాన్స్ సర్జన్ ఫ్రాంస్వా లింట్జ్, ఆయన సహచరులు ఒక కొలతను ముందుకు తెచ్చారు. పేరు ఫుట్ అండ్ యాంకిల్ ఆఫ్‌సెట్. పాదం నేలను ముఖ్యంగా మూడుచోట్ల తాకుతుంది: బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ. స్కాన్‌లో ఆ మూడు బిందువులనూ, టేలస్ శిఖరం నడి మధ్య బిందువునూ నేను గుర్తిస్తాను. కింద ఆ మూడు బిందువుల అమరికను బట్టి బరువు దిగాల్సిన చోటుకూ, పైనున్న టేలస్ నిజంగా ఉన్న చోటుకూ మధ్య పక్కకు ఎంత దూరం ఉందో సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది. ఆ దూరాన్ని పాదం పొడవులో శాతంగా చెబుతుంది, చిన్న పాదమైనా పెద్ద పాదమైనా పోల్చుకోవడానికి వీలుగా. వాళ్లు చూసిన మామూలు పాదాల్లో సగటు 2.3 శాతం వచ్చింది. బయటికి వాలిన మడమలకు 11.4, లోపలికి వాలినవాటికి మైనస్ 11.6. 25 సెంటీమీటర్ల పాదమైతే 2.3 శాతం అంటే 6 మిల్లీమీటర్ల లోపు. 11 శాతం దాటితే మూడు సెంటీమీటర్లకు దగ్గర. ఫిల్ము మీద గీతలు గీసి కొట్లాడుకున్నవాళ్లకు ఇదెంత ఊరటో చెప్పలేను. పాదం ఎటు తిరిగి ఉన్నా అంకె మారదు, ఎందుకంటే బిందువులు పాదంలోనే ఉన్నాయి, ఫిల్ములో కాదు. లింట్జ్ బృందమే తర్వాత మార్పిడి అయిన చీలమండలను ఇలా చూసి, అలైన్‌మెంట్ తేడా మిగిలిపోయిన కాళ్లలో ఇంప్లాంట్ చుట్టూ సిస్టులు కూడా ఎక్కువ మేర ఉన్నాయని 2020లో ప్రకటించింది. అలాంటి సిస్టులు మామూలు ఎక్స్‌రేలో కనిపించేవాటి కంటే సీటీలో ఎక్కువ బయటపడతాయి. లోహం చాటున ఉన్న ఎముకను ఫిల్ము చూపించదు.

సీటీ కూడా అన్నీ చూపిస్తుందని కాదు. లోహం దగ్గరకు వచ్చేసరికి తెల్లటి చారలు, పక్కనే నల్లటి మచ్చలు పరుచుకుంటాయి. టైటానియం కాస్త నయం, టేలస్ కప్పుకు తరచూ వాడే కోబాల్ట్-క్రోమియం మరీ ఇబ్బంది పెడుతుంది. చారలను తగ్గించే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, అవి ఒక్కోసారి చారతో పాటు సన్నటి ఎముక అంచును కూడా తుడిచేస్తాయి. అందుకే తుడిచిన బొమ్మ, తుడవని బొమ్మ రెండూ తెరిచి పెట్టుకుని చూస్తాను. పాలిథిలిన్ ముక్క లోహంలా బొమ్మలో నిలిచి కనపడదు. రెండు లోహాల మధ్య ఖాళీని బట్టి దాని మందం ఊహించుకోవాల్సిందే.

ఇంకో ఇబ్బంది గీతలది. మెలిని కొలవాలంటే దేనితో పోల్చి కొలవాలి? చీలమండకు రెండువైపులా పొడుచుకొచ్చే బుడిపెలను కలిపే గీతతోనా, కీలుకు అటూ ఇటూ ఉన్న సందుల నడిమి గీతతోనా, రెండో వేలి ఎముక వెళ్లే దిక్కుతోనా? ఒక్కో ఇంప్లాంట్ కంపెనీ సర్జన్లకు ఒక్కో ఆనవాలు చెబుతుంది. కాలు అదే, ఇంప్లాంట్ అదే, అంకెలు మూడు. ఎవరైనా "5 డిగ్రీల మెలి" అంటే "దేనికి?" అని నేను వెంటనే అడుగుతాను. టిబియా గీతదీ ఇదే తంతు. మా యంత్రంలో కనిపించేది కాలి కింది జానెడు మేరే, మోకాలు కనపడదు. ముందెప్పుడో ముంగాలు విరిగి వంకరగా అతికినవాళ్ల దగ్గర ఆ కింది ముక్కను నమ్మి గీత గీస్తే లెక్క తప్పుతుంది. వాళ్లకు తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసిన పొడవాటి ఎక్స్‌రే కూడా కావాలి.

బిందువులు పెట్టేది మనిషి కాబట్టి మనిషిని బట్టీ తేడా వస్తుంది. పరిశోధన కోసం కొలిచేటప్పుడు నేనూ, నా సహోద్యోగీ విడివిడిగా కొలుస్తాం, ఒకరి అంకెలు ఒకరికి చూపించుకోం. తర్వాత పోల్చుకుంటే చాలావాటిలో దగ్గర దగ్గరగా వస్తాయి, టేలస్ మెలి దగ్గర మాత్రం వాదన పడుతుంది. సాఫ్ట్‌వేర్ 3.47 డిగ్రీలు అని చూపిస్తుంది. ఆ దశాంశం తర్వాతి అంకెలను నేను పట్టించుకోను. మా ఇద్దరి మధ్యే ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు 47లో ఏముంది?

ఇంప్లాంట్ కాలక్రమంలో కదులుతోందా అన్నది మళ్లీ వేరే ప్రశ్న. దానికి స్వీడన్‌లోని లుండ్‌లో 1974లోనే గోరాన్ సెల్విక్ ఒక దారి చూపించాడు. ఆపరేషన్‌లోనే ఇంప్లాంట్ చుట్టూ ఎముకలో మిల్లీమీటరు సైజు టాంటలమ్ పూసలు దిగ్గొట్టి, ఒకేసారి రెండు దిక్కుల నుంచి ఎక్స్‌రే తీసి, మిల్లీమీటరులో పదో వంతు కదలికను కూడా పట్టుకోవడం. గొప్ప పద్ధతే కానీ పరిశోధన దాటి రోజువారీ వైద్యంలోకి రాలేదు.

పోయిన ఏడాది మా పెద్దమామయ్య ఫోన్ చేశాడు. ఆయన ఎప్పుడో దుగ్గిరాల రోడ్డు మీద స్కూటర్ మీంచి పడితే చీలమండ విరిగి ప్లేటు వేశారు. ఇప్పుడు డెబ్బై దాటాక నడవలేకపోతున్నాడు.

"అమ్మాయ్, వాట్సాప్‌లో ఫోటో పెట్టా. చూశావా? గుజ్జు బాగానే ఉందంటున్నారే. మరి ఈ నొప్పేంటి?"

"చూశాను మామయ్యా. ఇది పడుకోబెట్టి తీశారా, నిలబెట్టి తీశారా?"

"పడుకోబెట్టే. కాలి ఫోటోకి నిలబడటమేంటే, నేనేమన్నా పెళ్లి ఫోటో దిగుతున్నానా?"

ఆయనకు త్రీడీ స్కాన్ అక్కర్లేదు. నిలబెట్టే సీటీ మన దగ్గర ఇంకా అరుదే. దానికోసం ఊళ్లు తిరగమని నేను చెప్పలేదు. గుంటూరులో మామూలు ఎక్స్‌రేనే నిలబెట్టి తీయించమన్నాను. గట్టి చెక్కపెట్టె ఒకటి, పట్టుకోవడానికి ఏదన్నా ఆసరా ఉంటే ఏ ఎక్స్‌రే గదిలోనైనా అయ్యే పని. తీశారు. పడుకున్న ఫిల్ములో ఉన్నట్టు కనిపించిన కీలు సందు నిలబడ్డ ఫిల్ములో లోపలి వైపున మూసుకుపోయి ఉంది. టేలస్ కూడా ఒరిగి ఉంది. గుజ్జు ఎంత ఉందో ఒంటి బరువు పడ్డాక గానీ తేలలేదు.

అప్పుడిక అసలు మాట: అతికించుకోవడమా, మార్చుకోవడమా? బ్రిటన్‌లో 303 మందిని రెండు గుంపులుగా చేసి పోల్చిన టార్వా అనే పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడాది తర్వాత రెండు గుంపులూ బాగానే కోలుకున్నాయి. నడక, నిలబడటం విషయంలో సగటున చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మామయ్యకు అదే చెప్పాను. గొంతుక్కూర్చోవడం రెంటితోనూ కష్టమేనని, అతికిస్తే ఆ కీలు ఇక వంగదని, చుట్టుపక్కల కీళ్ల మీద భారం పెరుగుతుందని, మారిస్తే కొన్నేళ్లకు మళ్లీ ఆపరేషన్ పడొచ్చని కూడా చెప్పాను. కాలు ఎక్కువ వంకరగా ఉంటే మార్పిడి చేయకపోవడమే మంచిదని ఒకప్పుడు అనేవాళ్లు, 10, 15 డిగ్రీలు దాటితే చాలామంది సర్జన్లు చేతులు వెనక్కి తీసుకునేవాళ్లు. ఇప్పుడు వంకరను కూడా సరిచేయగలిగితే అంతకంటే ఎక్కువ ఉన్నా చేస్తున్నారు. సరిచేశామో లేదో తెలిసేది మాత్రం నిలబెట్టి చూస్తేనే. మామయ్య ఇంకా తేల్చుకోలేదు. ఆయన కాలు, ఆయన ఇష్టం.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఫలానా అన్ని డిగ్రీలు దాటితే ఫలానా అంత నొప్పి అని చెప్పే లెక్క ఏదీ లేదు. అంకెలన్నీ సరిగ్గా ఉండి కుంటుతూ వెళ్లేవాళ్లున్నారు. హద్దు దాటి ఒరిగి ఉండి కొండలెక్కే పెద్దాయన ఒకాయన మా దగ్గరికి ఏటా వస్తాడు, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని. ఆయన స్కాన్ చూసి ఎవరూ ఆపరేషన్ మాట ఎత్తరు, ఎత్తకూడదు కూడా. వంకర ఉన్నంతమాత్రాన కోయరు. ఒక స్కాన్‌కూ తర్వాతి స్కాన్‌కూ మధ్య ఆ వంకర పెరుగుతోందా, సిస్టు పెద్దదవుతోందా అన్నదే సర్జన్ చూసేది.

చీలమండ నొప్పితో ఎవరి దగ్గరికి వెళ్లినా ఎక్స్‌రే రాసినప్పుడు "నిలబెట్టి తీయమని రాయండి డాక్టరుగారూ" అని అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. మార్పిడి చేయించుకున్నవాళ్లయితే ఆపరేషన్ కాగితాల్లో ఇంప్లాంట్ పేరు, సైజు ఉన్న స్టిక్కర్ అంటించారో లేదో చూసుకోండి. ఆపరేషన్ తర్వాత మొదటిసారి నిలబడి తీయించుకున్న ఎక్స్‌రే గానీ స్కాన్ గానీ, రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీడీతో సహా అడిగి తీసుకుని బీరువాలో పెట్టుకోండి. పదేళ్ల తర్వాత నొప్పి వస్తే, ఏం కదిలిందో పోల్చి చెప్పడానికి అప్పుడు చూసేవాళ్లకు ఆ మొదటి బొమ్మ తప్పనిసరిగా కావాలి.